కిటికీ పక్క మంచం దీపం

ఎస్సీఆర్ అనే ఎలక్ట్రానిక్ ముక్క గురించి మీకు కాలేజీలో చెప్పే ఉంటారు. నాకెవరూ చెప్పలేదు. నలభై దాటాక గానీ నాకు అక్షరాలు రాలేదు కాబట్టి పుస్తకంలో చదివే వీలూ లేకపోయింది. దాన్ని చేత్తో పట్టుకుని తెలుసుకున్నాను. ఇప్పుడు రాస్తున్నది కూడా ఒక్కో అక్షరాన్నీ పట్టుకుని రాస్తున్నదే. ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, నాకేం కోపం రాదు.

ఈ మధ్య మధ్యాహ్నం పూట కునుకు పడితే నాకు మనుషులు కలలోకి రావడం లేదు. దీపాలు వస్తున్నాయి. రేగిపండంత ఎర్ర దీపాలు, వరసగా, ఒక పొడుగాటి నడవా చివర. వాటిలో ఒకటి వెలుగుతుంది. ఎవరో పిలుస్తున్నారని తెలుస్తుంది. ఎవరన్నది తెలియదు. లేవబోతే మెలకువ వస్తుంది. బయట ఎండ, పక్కింటి మిక్సీ చప్పుడు. కల ఏదో, మెలకువ ఏదో కాసేపటి వరకూ తేలదు.

ఆ దీపాలు మేం చేసినవే.

జగ్గయ్యపేటలో మాది చిన్న షెడ్డు. బ్యాటరీ ఛార్జర్లు చేసేవాళ్లం. నేను మొదట అక్కడికి ఊడవడానికి వెళ్లాను. అంతకు ముందు మిరపకాయల కళ్లాల్లో తాలుకాయ ఏరేదాన్ని. ఎర్రటి రాశిలో రంగు తేలిన కాయను ఒక్క చూపులో పట్టుకునే కళ్లు. ఒకరోజు కింద ఒలికిపోయిన రెసిస్టర్లను ఊడ్చి, చారల రంగులను బట్టి దేనికది కుప్పలు పెట్టాను. మా ఓనరు చూశాడు. "అక్కా, నీకు చదువు రాదన్నావుగా?" అన్నాడు. "రాదు బాబూ, రంగులొచ్చు" అన్నాను. మర్నాటి నుంచి చీపురు తీసేసి చేతికి సోల్డరింగ్ కడ్డీ ఇచ్చాడు.

ఆ ఓనరు నాకంటే చాలా చిన్నవాడు. డిప్లొమా చదివాడు. మాట సగంలో ఆపేసి పైకప్పు రేకుల వంక చూసే మనిషి. మనం అడిగిన దానికి జవాబు మర్నాడు చెప్పేవాడు, అప్పటికి మనం ఏమడిగామో మరిచిపోయి ఉండేవాళ్లం. పనిలో మాత్రం మంచివాడు. నన్ను ఎప్పుడూ తొందరపెట్టలేదు. షెడ్డంతా కరిగిన సీసం పొగ, దాంట్లో అతుకు పట్టడానికి పూసే ఫ్లక్స్ కాలిన తియ్యటి వాసన. ఆ పొగలో సాయంత్రాలు ఎలా కరిగిపోయేవో తెలిసేది కాదు.

ఎస్సీఆర్‌కు మూడు కాళ్లు. రెండు కాళ్ల మధ్య కరెంటు పారాలి, కానీ మామూలుగా పారదు. మూడో కాలికి చిన్న చురక తగిలించాలి. తగిలించగానే దారి తెరుచుకుంటుంది. వింత అది కాదు. చురక తీసేసినా దారి మూసుకోదు. ఇదేం మాయ అని అడిగితే మా ఓనరు ఆ రోజే జవాబు చెప్పాడు, అది కూడా ఒక వింతే.

"డ్రమ్ములోంచి డీజిలు ఎట్టా తీస్తారక్కా?"

"పైపు పెట్టి నోటితో ఒకసారి పీలుస్తారు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఎవరు పీలుస్తారు, పాడు కంపు. దాని పాటికది కారుద్ది."

"ఇదీ అంతే. ఒక్కసారి పీలిస్తే చాలు. ఆపాలంటే పైపు లాగెయ్యాలి."

పైపు సంగతి నాకు బాగా తెలుసు కాబట్టి ఎస్సీఆర్ సంగతీ తెలిసినట్టే అనుకున్నాను. పైపు గురించి ఆయన చెప్పనిది ఇంకొకటుంది. అది తర్వాత వస్తుంది.

నందిగామలో ఒక డాక్టరుగారు పెద్దాసుపత్రి కట్టారు. ఆయనకు చప్పుడంటే పడదు. మంచం దగ్గర బెల్లు పెడితే వార్డంతా లేచి కూర్చుంటుంది, దీపాలు చాలన్నారు. రోగి మీట నొక్కితే నర్సు టేబులు మీద ఆ మంచం దీపం వెలగాలి. వేలు తీసినా వెలుగుతూనే ఉండాలి. ఆర్పే స్విచ్చి మాత్రం మంచం దగ్గరే ఉండాలి. అంటే నర్సు లేచి వెళ్తే తప్ప దీపం ఆరకూడదు. కరెంటు పోయినా పనిచేయాలి కాబట్టి బ్యాటరీ మీద నడవాలి. ఛార్జర్లు చేసేవాళ్లం కాబట్టి మమ్మల్ని అడిగారు. ఛార్జర్లలో వాడే ఎస్సీఆర్‌లే డబ్బాలో ఉంటే వాటినే తీసి మంచానికొకటి చొప్పున బోర్డు కట్టాడు మా ఓనరు. అతుకులన్నీ నావే.

బిగించిన రోజు నాకు బాగా గుర్తు. వార్డులో ఇంకా రోగులు లేరు. కొత్త సున్నం వాసన. ఓనరు కిటికీ పక్క మంచం దగ్గర మీట నొక్కి వదిలేశాడు. నేను టేబులు దగ్గర నిలబడ్డాను. అక్కడెక్కడో ఒక వేలు తాకి వెళ్లిపోయింది, ఇక్కడ దీపం నిలబడే ఉంది. ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒకసారి పిలిస్తే చాలు, పిలుపు అలా నిలిచి ఉంటుంది. మా అమ్మ పోయే ముందు ఎంతసేపు పిలిచిందో, నేను ఏ కళ్లంలో ఉన్నానో అని ఆలోచిస్తూ నిలబడిపోయాను.

"అక్కా, వచ్చిందా?" అని కేకేశాడు.

"వచ్చిందయ్యా" అన్నాను.

బోర్డు ఏళ్ల తరబడి తిన్నగా పనిచేసింది. తర్వాత ఒకరోజు ఆ డాక్టరుగారి దగ్గర నుంచి ఫోను. మా ఓనరు మాట్లాడి, ఫోను పెట్టేసి, రేకుల వంక చాలాసేపు చూశాడు.

చెవిటికల్లు నుంచి ఒక ముసలామె మోకాలు ఆపరేషనుకు వచ్చి ఉంది. కూతురు కిందికి టిఫినుకు వెళ్లిన టైములో దాహం వేసి మీట నొక్కిందట. ఎవరూ రాలేదట. తనే లేవబోయి పడింది, మణికట్టు విరిగింది. నొక్కానని ఆమె అంటోంది. దీపం వెలగలేదని నర్సు అంటోంది. కూతురు తరఫు వాళ్లు ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నారు.

"మనల్ని వచ్చి చూసి చెప్పమన్నారక్కా. బోర్డు బాగుంటే ఆ నర్సును పంపించేస్తారంట."

"బాగోకపోతే?"

"మనల్ని తిడతారు."

తిట్లు మాకు అలవాటే. మా మాట మీద ఒకరిని పంపించేయడం అలవాటు లేని సంగతి.

ఇద్దరం బస్సెక్కాం. పత్తి కాలం అది. లారీలు పోయిన దారంతా తుమ్మ చెట్లకు పత్తి తగులుకుని ఉంది. కిటికీలోంచి చూస్తే ముళ్లకు పువ్వులు పూసినట్టు. చిల్లకల్లు దాటాక నాకు కునుకు పట్టింది. కునుకులో కూడా తెల్లగా ఏదో రాలుతూనే ఉంది. ఓనరు భుజం తట్టి లేపితే నందిగామ.

నడవా చివర, టేబులు పక్కన ఆ నర్సు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. వత్సవాయి ఊరి పిల్ల. వాళ్ల ఇంట్లో పొలం పనికి వెళ్లకుండా ఉద్యోగానికి వచ్చిన మొదటి మనిషి ఆమే అని తర్వాత తెలిసింది. రోగిని పట్టించుకోలేదని పేరు పడితే నందిగామలో కాదు, కంచికచర్లలో కూడా ఇంకే ఆసుపత్రీ తీసుకోదు. డాక్టరుగారు కుర్చీలో, ముసలామె కూతురు ఎదురుగా. డాక్టరుగారు చెడ్డవాడు కాదు. కానీ చూడాల్సిన రోగులు బయట వరసలో ఉన్నారు.

"చూడండి, తేల్చండి" అన్నారు మాతో.

ఆసుపత్రి ఎలక్ట్రీషియన్ మా వెంట వచ్చాడు. హుషారు మనిషి. "బోర్డుకేం సార్, బంగారం. బల్బులు మాటిమాటికీ పోతన్నాయని కిటికీ వైపు వరసకు మొన్ననే కొత్తవి వేశా. ఎలీడీలు. చల్లగా, ఎంత కాంతో చూడండి" అన్నాడు. నిజంగానే బాగున్నాయి. పాతవి ముసలి కళ్లలా ఉంటే ఇవి దానిమ్మ గింజల్లా ఉన్నాయి.

ఎప్పుడూ చేసినట్టే పరీక్ష మొదలుపెట్టాం. వైరింగు పని తెలిసినవాళ్లకు ఈ పద్ధతి తెలుసు. ఒకరు అటు, ఒకరు ఇటు, మధ్యలో కేకలు. ఓనరు మంచాల దగ్గర. నేను టేబులు దగ్గర.

"వచ్చిందా?"

"వచ్చింది!"

ఇంకో మంచం. "వచ్చిందా?"

"వచ్చింది!"

కిటికీ పక్క మంచం దాకా అన్నీ వెలిగాయి. ఒక్కటీ తప్పలేదు. అన్నీ ఆరాయి. ఎలక్ట్రీషియన్ చేతులు దులుపుకున్నాడు. డాక్టరుగారు నర్సు వంక చూశారు.

"నేను టేబులు దగ్గర నుంచి కదల్లేదు సార్" అంది ఆ పిల్ల. "బోర్డుకు ఎదురుగానే కూర్చున్నా. సూదుల ట్రే సర్దుతున్నా."

"ట్రే వంకే చూస్తా ఉన్నావు, అందుకే కనపడలా" అంది కూతురు.

"వెలిగితే ఆరదు కదమ్మా! నేను వెళ్లి ఆర్పితేనేగా ఆరేది. అప్పుడు కాకపోతే కాసేపటికైనా చూసేదాన్నిగా!"

ఆ మాటలో న్యాయం ఉంది. కానీ దీపాలన్నీ వెలిగాయి కూడా. సూటిగా చెప్తున్నాను, ఆ పిల్ల అబద్ధమాడుతోందనే అనుకున్నాను. భయం వేస్తే ఎవరైనా ఆడతారు.

డాక్టరుగారు మా ఓనరును అడిగారు. "అయితే బోర్డు బాగున్నట్టేనా?"

మా ఓనరు నోరు తెరిచి, రేకులు లేవు కాబట్టి ఫ్యాను వంక చూశాడు. ఆయన అలా చూస్తే జవాబు రావడానికి టైము పడుతుందని నాకు తెలుసు. ఈలోపు ముసలామెను పలకరిద్దామని వార్డులోకి వెళ్లాను. ఆపరేషనయిన కాలు చాచి, చేతికి కట్టుతో, కిటికీ పక్క మంచం మీద నుంచి రోడ్డు చూస్తూ పడుకుని ఉంది. నా చేతులు చూడగానే నేనేపాటి దాన్నో గ్రహించింది.

"ఏమ్మాయ్, నువ్వు కూడా ఇంజనీరువా?"

"కాదు పెద్దమ్మా. అతుకులేసేదాన్ని."

"మరి వాళ్లకు చెప్పు. నేను నొక్కా. నా బిడ్డ మీద ఒట్టు. ఆ సిస్టరు పిల్ల మంచిదే, నిన్న తల కూడా దువ్వింది. అయినా ఉన్నమాట అనకుండా ఎట్టా ఉంటా?"

"ఎట్టా నొక్కావు పెద్దమ్మా?"

"ఎట్టా నొక్కడమేంది? ఎట్టా నొక్కుతారు? ఇట్టా."

బాగున్న చెయ్యి తిప్పింది. వేలి కొస కాదు, వేలి వెనక భాగంతో మీటను అలా తాకి, పొయ్యి మీది గిన్నెను తాకినట్టు చటుక్కున వెనక్కి తీసుకుంది. మా వైపు పొలాల్లో మోటారు స్టార్టరు ముట్టుకునేవాళ్లంతా అలాగే తాకుతారు. అరచేత్తో తాకితే షాకు పట్టేసుకుంటుందని, చెయ్యి తిరగేసి వెనక వైపుతో తాకుతారు. వాళ్లింట్లో ఎవరో ఒకరు అలా పట్టేసుకుని పోయి ఉంటారు. అడగలేదు.

"కరెంటు దాని మీద చెయ్యి వేసి కూచ్చుంటారా ఎవరన్నా?" అంది.

అప్పుడే నడవా చివర నుంచి కేక.

"సార్! మెరిసింది!"

నర్సు కేక అది. గోడ దగ్గర నుంచి బోర్డు వైపే చూస్తోందట. చూడక ఏం చేస్తుంది, ఆ బోర్డే ఆమె బతుకు తేలుస్తుంటే.

"ఏది మెరిసింది?" అన్నాడు ఎలక్ట్రీషియన్. "ఏం లేదే!"

"కిటికీ పక్కది. వెలిగి ఆరింది. నా కళ్లతో చూశా."

"పెద్దమ్మా, మళ్ళీ ఒకసారి" అన్నాను.

తాకింది.

"ఇదిగో, మళ్ళీ!" అని అటు నుంచి కేక.

మూడోసారి తాకేసరికి డాక్టరుగారు, కూతురు, ఎలక్ట్రీషియన్, అందరూ బోర్డు ముందు వంగి ఉన్నారట. దీపం మిణుగురులా ఒక్కసారి మెరిసి చచ్చిపోయింది. రెప్ప వేస్తే కనిపించదు.

మా ఓనరు వార్డులోకి పరుగెత్తుకొచ్చాడు. ఆ మనిషి పరుగెత్తడం నేను అదే మొదటిసారి చూడటం. మీట మీద వేలు పెట్టి, "వచ్చిందా?" అని అరిచాడు. "వచ్చింది" అన్నారు. వేలు తీశాడు. "ఇప్పుడు?" అన్నాడు. "పోయింది" అన్నారు.

ఆయన ముసలామె మంచం పక్కనే నేల మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

మీకు అర్థమయ్యే ఉంటుంది. బిగించిన రోజు తప్పిస్తే, ఇన్నేళ్లూ పరీక్ష చేసిన ప్రతిసారీ మేం, మా తర్వాత ఆసుపత్రి వాళ్లు, "వచ్చింది" అనే కేక వినపడేదాకా వేలు తీయలేదు. వచ్చిందా అని అడిగినవాడు జవాబు కోసం మీట నొక్కి పెట్టే నిలబడతాడు. కేక వినపడగానే వేలు తీసి, ఆర్పే స్విచ్చి నొక్కి, ఇంకో మంచానికి వెళ్తాడు. ఇటు నిలబడ్డవాళ్లకు దీపం ఆరడం కనపడుతుంది, వాడు ఆర్పాడనుకుంటారు. కొత్త దీపాలు వేసిన రోజు ఎలక్ట్రీషియన్ కూడా అలాగే చూసుకున్నాడు. వార్డులో చాలామందికి పక్కన మనిషి ఉంటాడు, వాడే వెళ్లి నర్సును పిలుచుకొస్తాడు. నొక్కేవాళ్లు ఎవరో వచ్చేదాకా నొక్కుతూనే ఉంటారు. తాకి వదిలేసి, పిలుపు అందిందని నమ్మి పడుకున్నది ఈమె ఒక్కతే.

ఇక పైపు గురించి ఆయన నాకు చెప్పని సంగతి. ధార లావుగా ఉన్నంతసేపే పైపు దాని పాటికది కారుతుంది. ధార మరీ సన్నబడితే మధ్యలో గాలి జొరబడి తెగిపోతుంది. ఎస్సీఆర్ కూడా అంతే. దానిలోంచి కాస్తంత కరెంటు పారుతూ ఉంటేనే దారి తెరిచి ఉంచుతుంది. పాత బల్బులు తిండిపోతులు, వాటికి ధార లావు. ఈ ఎలీడీలు పిచ్చుక తిండి తింటాయి. పైగా మేం వాడింది పెద్ద పెద్ద ఛార్జర్లకు వాడే రకం. ఆ కాస్త కరెంటు దాని కంటికి ఆనదు. వేలు ఉన్నంతసేపు దారి ఇస్తుంది, వేలు తీస్తే మూసేస్తుంది.

"మరి ఏం చేస్తారు, పాతవే పెట్టేదా?" అన్నాడు ఎలక్ట్రీషియన్. ముఖం చిన్నబోయింది పాపం.

"వద్దులే. దీపం పక్కన రెసిస్టరు వేద్దాం. దాంట్లోంచి కూడా పారుద్దిగా, ధార తెగదు" అన్నాడు మా ఓనరు.

"అప్పుడు ఎలీడీ పెట్టి మిగిల్చిన కరెంటంతా అది తినేసుద్ది గదండీ!"

"తింటది. తిననియ్యి."

నడవాలోనే కూర్చున్నాం. సంచిలో లావుపాటి రెసిస్టర్లు వెతికాను. రంగులు చూసి తీశాను, ఇప్పటికీ అంకెల కంటే నాకు రంగులే తొందరగా కనపడతాయి. మధ్యాహ్నం ఎండ కిటికీల్లోంచి పలకలు పలకలుగా నేల మీద పడుతోంది. ఒక్కో దీపానికీ ఒక్కో రెసిస్టరు అతుకుతూ ఉంటే ఫ్లక్స్ పొగ నడవాలోకి పోయి, ఆ ఎండ పలకల్లో తీరిగ్గా ఈదింది. లోపల నుంచి ఎవరో రోగి, "సాంబ్రాణి వేశారా? ఇంకాస్త ఇటు కూడా చూపించండమ్మా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నాకు మాత్రం అక్కడే పడుకుని నిద్రపోవాలన్నంత హాయిగా ఉంది. నర్సు నా పక్కనే నిలబడి ప్రతి అతుకూ చూస్తోంది.

పని పూర్తయ్యాక ఓనరు ప్రతి మంచం దగ్గరా ముసలామె పద్ధతిలోనే, వేలి వెనకతో తాకి, వెంటనే తీసి, ఆ తర్వాతే అరిచాడు. మా షెడ్డులో ఆ రోజు నుంచి అదే రూలు. వేలు తీశాకే నోరు తెరవాలి. మీరు ఏ బోర్డు కట్టినా సరే, మీరు నొక్కినట్టు కాకుండా దాన్ని వాడే మనిషి నొక్కినట్టు నొక్కి చూడండి. ఇంతకు మించి నాకు తెలిసిన ఇంజనీరింగు లేదు.

డాక్టరుగారు నర్సును పిలిచారు. "సరేనమ్మా, డ్యూటీలోకి వెళ్ళు."

ఆ పిల్ల కదల్లేదు.

"సార్, నేను అబద్ధం చెప్తున్నానని మీరు పొద్దున వార్డులో అందరి ముందూ అన్నారు."

"అన్నాను."

"కాదని కూడా అందరి ముందే చెప్పండి."

ఎలక్ట్రీషియన్ నేల చూపులు చూశాడు. నేను సంచి సర్దుతున్నట్టు నటించాను. డాక్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, లేచి వార్డులోకి వెళ్లారు. చప్పుడంటే పడని మనిషి గొంతెత్తి, సిస్టరు చెప్పింది నిజమేనని, దీపంలో లోపం ఉందని, పెద్దమ్మ చెప్పింది కూడా నిజమేనని చెప్పారు. మెట్ల మీద వాళ్లకు వినపడేలా గుమ్మం దగ్గర కూడా మరోసారి చెప్పారు.

"అదేంది?" అంది ముసలామె. "ఇద్దరం నిజమే చెబితే మరి నా చెయ్యెందుకు ఇరిగింది?"

ఆ ప్రశ్నకు మా ఓనరు మర్నాడు కూడా జవాబు చెప్పలేదు.

నర్సు టేబులు దగ్గరికి వచ్చి కూర్చుంది. ఉంటుందో, వెళ్లిపోతుందో ముఖం చూస్తే తెలియలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని బోర్డు వంక చూస్తోంది. అన్నీ చీకటిగా ఉన్నాయి. మేం బయల్దేరబోతున్నాం.

కిటికీ పక్క మంచం దీపం వెలిగింది.

వెలిగి, అలాగే ఉంది. మెరవలేదు, వణకలేదు. లోపల నుంచి కేక లేదు, పిలుపు లేదు. ఆమె తాకి వదిలేసి ఉంటుంది. అందరం దాన్నే చూస్తూ నిలబడిపోయాం. మా ఓనరు అలవాటు కొద్దీ ముందుకు వంగి, ఏదైనా తేడా ఉందేమోనని బోర్డు మీద చెయ్యి పెట్టబోయాడు.

"చెయ్యి తియ్యండి సార్" అంది నర్సు. "అది మిమ్మల్ని కాదు."

లేచింది. బిందెలోంచి గ్లాసుతో నీళ్లు ముంచుకుని నడవాలో నడిచి వెళ్లింది, తొందర లేకుండా. ఎండ పలకల మీదుగా ఒకసారి వెలుగులోకి, ఒకసారి నీడలోకి. వార్డు గుమ్మం దాటి కనపడకుండా పోయింది. మేం దీపం వంక చూస్తూ ఉన్నాం.

కాసేపటికి ఆరింది.